జాంగ్రీ అంకుల్ వేషం

ఒళ్ళో చేట, చేటలో కందిపప్పు, ఎదురుగా టీవీలో 'పహరా'. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ మూడూ కలిస్తేనే జానకీదేవికి రోజు గడిచినట్టు. రాత్రి వేసిన భాగాన్నే ఆ చానెల్ వాళ్ళు మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. రాత్రి చూస్తే పీడకలలు వస్తాయని ఆవిడ పగలు చూస్తుంది. పగలు చూసినా కలలు వస్తాయి, అది వేరే సంగతి.

రేపల్లె నుంచి కొడుకు తారక్‌తోపాటు అమీర్‌పేట వచ్చాక ఈ మహానగరం గురించి ఆవిడ నేర్చుకున్నదంతా ఆ సీరియల్ పెట్టిన భిక్షే. దొంగ అనేవాడు ఎప్పుడూ బోరబండ నుంచే వస్తాడు. వాడికి గడ్డమో, కళ్ళకి సుర్మానో, మెడలో తాయెత్తో ఉంటుంది. పనిమనిషి అయితే బీరువా తాళాల వంకే చూస్తూ ఇల్లు తుడుస్తుంది. ఆఫీసు నుంచి చీకటిపడ్డాక వచ్చే అమ్మాయికి ఏదో ఒకటి జరిగి తీరుతుంది. జరిగాక వెనక నుంచి ఒక బొంగురు గొంతు "ఆమె చేసిన తప్పేమిటి?" అని అడిగి, ఆ తప్పేమిటో తనే విడమరిచి చెబుతుంది. ఆ గొంతు వినబడినప్పుడల్లా జానకీదేవికి కోడలు ధాత్రి గుర్తొస్తుంది. ధాత్రి బేగంపేటలో ఎవరో విదేశీ బ్యాంకు వాళ్ళ లెక్కలు చూసే కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. మధ్యాహ్నం వెళ్ళి, ఊరు నిద్రపోయే వేళకి క్యాబ్‌లో వస్తుంది.

ఆ రోజు కథ పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాది. ముఠా నాయకుడు జబ్బార్ నల్ల లుంగీ కట్టుకుని, పాడుబడిన గోడౌన్లో వెలుగుకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా తప్పుచేసిన అనుచరుడు. జబ్బార్ అరవలేదు, చెయ్యెత్తలేదు. ఎడమ కన్ను కాస్త మూసి, చూపుడువేలు ముక్కు దాకా లేపి, గుడిలో మాట్లాడినంత మెల్లగా, "సూడు బిడ్డా... ఇంగొక్కసారి లెక్క తప్పిందనుకో..." అని అక్కడ ఆగిపోయాడు.

ఆ ఆగడంలోనే ఉంది భయమంతా.  చేటలో జానకీదేవి వేళ్ళు ఆగిపోయాయి.

అప్పుడు కెమెరా వాడి మొహం మీదికి వచ్చింది.

"ఓరి నాయనో!" అంది ఆవిడ పైకే. కందిపప్పు సగం సోఫా కిందికి పోయింది.

వాడు జహంగీర్. రోజూ పొద్దున్న అపార్ట్‌మెంటు పిల్లలందర్నీ ఆటోలో ఎక్కించుకుని పంజాగుట్ట స్కూల్లో దింపి, సాయంత్రం తీసుకొచ్చే జహంగీర్. ఆవిడ మనవరాలు హైందవిని ఒకటో తరగతి నుంచి ఎత్తి ఎక్కించి ఎత్తి దింపుతున్నవాడు. పిల్లల నోరు తిరక్కో, కావాలనో వాడిని జాంగ్రీ అంకుల్ అంటారు.

అది నటన అని ఆవిడకి తెలియక కాదు. కానీ తెలిసినకొద్దీ కంగారు ఎక్కువైంది. నేర్చుకుంటే వస్తుందా అలాంటి చూపు? లోపల ఏదో లేకపోతే అంత సహజంగా ఎలా చేస్తాడు? ఆటో కూడా వాడిదే వాడారు. వెనక రేకు మీద హైందవి అంటించిన సీతాకోకచిలుక బొమ్మ కూడా కనబడింది, ఎత్తుకుపోయిన పిల్లవాడి తలపక్కన.

సాయంత్రం ఆటో గేటు ముందు ఆగేసరికి జానకీదేవి అప్పటికే అక్కడుంది. పిల్లలు గోనెలోంచి ఒలికిన చింతపిక్కల్లా దొర్లుకుంటూ దిగారు. జహంగీర్ పక్కన వేలాడదీసిన సంచులు ఒక్కొక్కటే తీసి ఏ సంచి ఎవరిదో చూడకుండానే ఇచ్చేస్తున్నాడు. ఆవిడని చూడగానే మొహం చాటంత అయింది.

"చూసిన్రా అమ్మా? నిన్న టీవీల వచ్చిన. మస్తుగ చేసినవని మా బస్తీల అందరు అంటున్నరు!"

వాడు ఒక్క మెచ్చుకోలు మాట కోసం పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నాడని ఆవిడకి అర్థమైంది. అయినా, "చూశాన్లే" అని హైందవి రెక్క పట్టుకుని గబగబా లోపలికి నడిచింది.

ఆ రాత్రికి సంగతి మూడంతస్తులూ ఎక్కి దిగింది. మూడో అంతస్తు కమలకుమారి, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, వాడి కళ్ళు చూడండి అని" అంది. ఆవిడ మొదట్నుంచీ ఏమీ చెప్పలేదు. పైగా పండక్కి వాడింటి నుంచి వచ్చే సేమ్యా పాయసం గిన్నె ముందుగా ఖాళీ అయ్యేది ఆవిడింట్లోనే. తారక్ మాత్రం నవ్వి, "అమ్మా, యముడి వేషం వేసినవాడు ప్రాణాలు తీస్తాడా ఏంటి?" అన్నాడు. జానకీదేవి, "నీకేం తెలుసు, నువ్వు టీవీ చూడవుగా" అని నోరు మూయించింది. ధాత్రి అప్పటికి ఇంటికి రాలేదు.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర ఆటో హారన్ మూడుసార్లు మోగింది. ఒక తల్లి బాల్కనీలోంచి, పిల్లవాడికి జ్వరం అంది. ఒకావిడ, మావారు బండి మీద దింపుతారులే అంది. ఇంకొకావిడ అమ్మమ్మగారి ఊరు వెళ్తున్నామంది. పిల్లవాడు ఆవిడ పక్కనే యూనిఫాంలో నిలబడి, "ఎప్పుడు మమ్మీ?" అని అడుగుతున్నాడు. నిజం మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. జానకీదేవి, "ఇవాళ్టి నుంచి నేనే తీసుకెళ్దామనుకుంటున్నాను నాయనా, డాక్టరు నడవమన్నాడు" అంది.

జహంగీర్ పైనున్న బాల్కనీల వంక ఒక్కొక్కదాన్నీ చూశాడు. "అందరికీ ఒక్కసారే జరమొచ్చిందా ఏంది?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగా వాడికి తెలిసిపోయింది. ఆటో పక్కన కట్టిన సంచుల కొక్కేలన్నీ ఖాళీగా ఊగుతున్నాయి. వాడు వాటిని ఒకసారి చేత్తో పట్టి ఆపి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

హైందవితో పంజాగుట్ట వెళ్ళడమంటే ఏమిటో జానకీదేవికి ఆ పూటే తెలిసింది. అమీర్‌పేట సెంటర్లో అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ముందు కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్ళని దాటాలి. "ఆంటీ, జావా! ఆంటీ, టెస్టింగ్! డెమో ఫ్రీ ఆంటీ!" అని ఆవిడ చేతిలో కాగితాలు కుక్కారు. వయసు మళ్ళినదాన్ని అని చెప్పినా ఒకడు వదల్లేదు, "ఎప్పుడైనా నేర్చుకోవచ్చు ఆంటీ, ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నాడు. ఎక్కిన బస్సు ఫ్లైఓవర్ పనుల దగ్గర ఇరుక్కుపోయింది. దిగి నడిచారు. రోడ్డు దాటడానికి నిలబడ్డచోటే ఆవిడ మనసులో చదువుకుంటున్న స్తోత్రం సగం అయిపోయింది. స్కూలు గేటు మూసేశారు. హైందవి వాచ్‌మన్ ముందు నిలబడి, "మా నాయనమ్మ వల్ల లేటైంది" అని స్పష్టంగా చెప్పింది.

మర్నాడు సాయంత్రం తిరిగొస్తుంటే హైందవి మాట్లాడటమే మానేసింది. చెరుకురసం కొనిపెట్టినా పెదవి విప్పలేదు. బండి పక్కన బల్ల మీద కూర్చున్నాక జానకీదేవే మొదలుపెట్టింది.

"ఏంటే నీ అలక? ఆ ఆటో అంటే అంత ముద్దా?"

"జాంగ్రీ అంకుల్ ఏం తప్పు చేశాడు?"

"తప్పు చేశాడని కాదే. టీవీలో చూశావుగా, ఎలా ఉన్నాడో? నాకే గుండె ఝల్లుమంది."

హైందవి గ్లాసు కింద పెట్టింది. మొహంలో కోపం పోయి గర్వం వచ్చింది. "అదా! అది నేనే నేర్పించాను."

"ఏంటీ?"

"అంకుల్‌కి అసలు కోపం రాదు నాయనమ్మా. ఎలా చెయ్యాలో తెలీక మమ్మల్ని అడిగాడు. మేమందరం ఆటోలో రోజూ ప్రాక్టీసు చేయించాం. బబ్లూ గట్టిగా అరవమన్నాడు. అరిస్తే అందరికీ నవ్వొచ్చింది. అప్పుడు నేను చెప్పాను, అలా కాదంకుల్, మా నాయనమ్మ పాలవాడిని తిట్టేటప్పుడు ఎలా చేస్తుందో అలా చెయ్యి అని." హైందవి లేచి నిలబడి, ఎడమ కన్ను కాస్త మూసి, చూపుడువేలు ముక్కు దాకా ఎత్తింది. "'చూడు నాయనా... ఇంకొక్కసారి నీళ్ళు కలిపావనుకో...' అని నువ్వు ఆపేస్తావు కదా. పాలవాడు వణికిపోతాడు కదా. అది!"

చెరుకురసం బండివాడు కిసుక్కుమన్నాడు.

జానకీదేవి గ్లాసు పట్టుకుని మనవరాలి మొహం వంకే చూసింది. ఆ కన్ను, ఆ వేలు, ఆ ఆగడం. రేపల్లెలో వాళ్ళమ్మ నుంచి తనకి వచ్చిన ఆస్తి అది. తన మొహం చూసుకుని తనే జడుసుకుని, అపార్ట్‌మెంటు అంతా జడిపించింది. ముందు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. చెరుకురసం కొంగు మీద ఒలికేదాకా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. హైందవి ముందు అనుమానంగా చూసి, తర్వాత తనూ కలిసింది.

"పద," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుని. "మీ జాంగ్రీ ఎక్కడుంటాడో చూపించు."

జహంగీర్ మైత్రీవనం పక్క ఆటోల వరసలో చివర ఉన్నాడు. ఆవిడని చూసి చప్పున లేచి నిలబడ్డాడు. జానకీదేవి క్షమాపణలు చెప్పే మనిషి కాదు. "రేపు పొద్దున్నే రా. హైందవిని ఎక్కించుకో. మిగతావాళ్ళ సంగతి నేను చూస్తాను" అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు. "వద్దులే అమ్మా. మీరొక్కరు పంపుతరు. మిగిలినోళ్ళు బాల్కనీలకెల్లి చూస్తరు. వాళ్ళు సుత భయపడేది తమ పిల్లల కోసమే కద. నా బిడ్డలైతే నేను సుత గట్లనే భయపడ్తుంటి." ఆటో సీటు తుడుస్తూ అన్నాడు. "సీరియలోళ్ళు మల్ల పిలుస్తున్నరు. ఈసారి బాంబు పెట్టేటోని వేషమంట. వద్దన్న. వేషమెయ్యాలంటే మస్తు ఇష్టం నాకు. కానీ వాళ్ళకు నా గడ్డం చూస్తే వేరే ఏం గుర్తుకొస్తలేదు. ఇంగోటి సెప్పాల్నా అమ్మా? గా సీరియల్ల దొంగలందరు మా లెక్క మాట్లాడ్తరు. పోలీసోళ్ళందరు మీ లెక్క మాట్లాడ్తరు."

నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న జానకీదేవికి ఆ సంగతి ఇన్నాళ్ళూ తట్టనే లేదు. నిజమే. అమీర్‌పేటలో దారి చెప్పేవాడు, కూరలమ్మేవాడు, పోస్టు తెచ్చేవాడు ఎలా మాట్లాడతారో టీవీలో గొలుసు తెంపేవాడు కూడా అలాగే మాట్లాడతాడు.

"వాళ్ళ ఆఫీసు ఎక్కడ?" అని అడిగింది.

"పంజాగుట్టల. ఎందుకమ్మా?"

"ఎక్కించు. మళ్ళీ ఆ బస్సెక్కే ఓపిక నాకు లేదు."

పంజాగుట్ట సందులో కొరియర్ దుకాణం మీద ఉంది ఆ ఆఫీసు. డైరెక్టర్ ప్రమోద్‌కి ముప్ఫై కూడా ఉండవు. భీమవరం వైపు కుర్రాడు. రెండు ఫోన్లలో ఒకేసారి మాట్లాడుతూ, పొద్దుట్నుంచీ తిండి తిననివాడిలా ఉన్నాడు. ఆవిడ వయసు చూసి మర్యాదగా కుర్చీ వేశాడు.

కుర్చీ వెనక గోడనిండా నటుల ఫోటోలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. ఒక్కో వరస పైన ఒక్కో చీటీ. పోలీసు. లాయరు. మంచి ఫ్యామిలీ. బస్తీ. తేడా ఆడవాళ్ళు. జహంగీర్ ఫోటో బస్తీ కింద, ఇద్దరు గడ్డాలవాళ్ళ మధ్యన ఉంది. హైందవి దగ్గరికెళ్ళి, "అంకుల్, నువ్వు!" అని వేలితో చూపించింది. జహంగీర్ తలుపు దగ్గరే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"నేను మీ సీరియల్ ఒక్క రోజు మానకుండా చూస్తాను బాబూ," అంది జానకీదేవి. "నా ఫోటో పెడితే ఏ వరసలో పెడతావు?"

ప్రమోద్ ఆలోచించకుండానే, "అత్త" అన్నాడు.

"మంచి అత్తా?"

అతను గొంతు సవరించుకున్నాడు. "మా దాంట్లో మంచి అత్తలు ఉండరమ్మా."

జానకీదేవి ఫక్కున నవ్వింది. అతనూ నవ్వక తప్పలేదు. ఆ నవ్వు చల్లారకముందే ఆవిడ జరిగినదంతా చెప్పేసింది, పాలవాడి సంగతితో సహా. ప్రమోద్ చేత్తో మొహం రుద్దుకున్నాడు. "నాకు ఎవరి మీదా పగ లేదమ్మా. కథ చెప్పడానికి ఇరవై నిమిషాలు ఇస్తారు. గడ్డం, లుంగీ చూపిస్తే వీడు దొంగ అని జనానికి వెంటనే తెలిసిపోతుంది. విడిగా చెప్పక్కర్లేదు."

"తెలిసిపోతోంది నాయనా. మా అపార్ట్‌మెంట్లో అందరికీ తెలిసిపోయింది. అందుకే పిల్లల్ని ఎక్కించడం లేదు."

ప్రమోద్ జహంగీర్ వంక చూశాడు. మొదటిసారి ఫోటో కాకుండా మనిషిని చూసినట్టు చూశాడు. "సారీ భాయ్" అన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. ఎత్తి, "ఇల్లు దొరకలేదా? ఎల్లుండి షూటింగ్ పెట్టుకుని..." అని తల పట్టుకున్నాడు. క్రైం సీరియల్ అనేసరికి ఇల్లు ఎవరూ ఇవ్వరట. హాల్లో శవం పడుకోబెడితే వాస్తు దోషం వస్తుందంటారట.

"మా ఇల్లు తీసుకో" అంది జానకీదేవి.

ప్రమోద్ ఫోన్ దించాడు.

"అద్దె కూడా వద్దు. కానీ మా ఇంట్లో జరిగే కథలో ఇంటిపెద్ద జహంగీర్."

ఎల్లుండి కథ తప్పిపోయిన ఒక కాల్‌సెంటర్ అమ్మాయిది. తండ్రి పేరు రామ్మోహనరావు. ప్రమోద్ చాలాసేపు లెక్కలు వేసుకుని, "సరే. గడ్డం తీసేస్తే చెయ్యొచ్చు" అన్నాడు.

తలుపు దగ్గరి నుంచి జహంగీర్ మెల్లగా అన్నాడు. "దొంగకు గడ్డం కావాలంటిరి. తండ్రికి వద్దంటిరి. నాకు ముగ్గురు బిడ్డలు సార్. ముగ్గురు గీ గడ్డం గుంజుకుంటనే పెరిగిన్రు."

"రామ్మోహనరావుకి ఆ గడ్డం ఏంటి భాయ్, ఎవరు నమ్ముతారు?"

"అయితే పేరు మార్చు," అంది జానకీదేవి. "జహంగీర్ అనే పెట్టు. దొంగ పేరు జబ్బార్ అని పెట్టినప్పుడు నిన్నెవరూ ఏమీ అడగలేదుగా."

ప్రమోద్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కింద ఎక్కడో హారన్లు మోగుతున్నాయి. చివరికి నవ్వేసి, టేబుల్ మీదున్న స్క్రిప్టు తీసి రామ్మోహనరావుని కొట్టేశాడు.

షూటింగ్ రోజు జానకీదేవి ఇల్లు పెళ్ళివారిల్లయింది. లైట్ల తీగలు వంటింట్లోకి, పూజగదిలోకి పాకాయి. మెట్ల నిండా అపార్ట్‌మెంటు జనం. కమలకుమారి పొద్దున్నే పట్టుచీర కట్టుకుని వచ్చి, ఒకవేళ ఎవరైనా అడిగితే పక్కింటావిడగా నిలబడతానని అందరికీ చెప్పింది. ఎవరూ అడగలేదు. జహంగీర్ తారక్ తెల్లచొక్కా తొడుక్కున్నాడు. స్కూలు మానేసిన హైందవి చేతిలో స్క్రిప్టు కాగితం పట్టుకుని వాడికి మాటలు అప్పజెప్పిస్తోంది.

మొదటి సీన్లు చకచకా అయిపోయాయి. కూతురి ఫోన్ కోసం ఎదురుచూడటం, గడియారం వంక చూడటం. తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చే సీన్. ఆ వేషం వేసినాయన మీసం తిప్పుకుని గదమాయించాడు. "ఆడపిల్లని చీకటిపడ్డాక ఉద్యోగానికి ఎందుకు పంపావయ్యా?"

జహంగీర్ చెప్పాల్సిన జవాబు, 'తప్పు చేశాను సార్. ఆడపిల్లకి ఉద్యోగం వద్దని అప్పుడే అని ఉంటే ఈ గతి పట్టేది కాదు.'

వాడు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తీశారు. మళ్ళీ ఆగిపోయాడు. ముఠా నాయకుడి మాటలు కాగితం చూడకుండా చెప్పినవాడికి ఈ రెండు ముక్కలు గొంతులోంచి రావడం లేదు. ప్రమోద్ విసుక్కున్నాడు. అదే సమయానికి ఆఫీసుకి తయారైన ధాత్రి, భుజాన సంచితో లోపలిగది గుమ్మంలోకి వచ్చి ఆగింది. హాలు దాటితే గానీ బయటికి పోయే దారి లేదు. కెమెరా ముందు నుంచి వెళ్ళడానికి లేదు.

జహంగీర్ ఆమెని చూశాడు. ఆమె సంచిని, మెడలో వేలాడే కంపెనీ కార్డుని చూశాడు.

"సార్, గీ మాట నాతోని అయితలేదు," అన్నాడు ప్రమోద్‌తో. "నా పెద్దబిడ్డ దవాఖానల నర్సు పని నేర్చుకుంటున్నది. రాత్రి డ్యూటీలుంటయ్. అది సుత టీవీ చూస్తది సార్."

 ప్రమోద్ వాచీ చూసుకున్నాడు. "మరి నీ బిడ్డే రాకపోతే, వాళ్ళు నిన్ను ఈ ప్రశ్నే అడిగితే, ఏమంటావు?"

జహంగీర్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"నా బిడ్డ పనికి పోయింది సార్. పని చేసుకొని ఇంటికొస్తున్నది. తప్పు దానిదెట్లయితది? రాంగ రాంగ ఏమైంది, గది మీరు చెప్పాలె నాకు."

ప్రమోద్ స్క్రిప్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "సరే, అదే చెప్పు. అలాగే చెప్పు. కెమెరా!" అన్నాడు.

కెమెరా ముందు జహంగీర్ అదే చెప్పాడు. ఏడవమని ఎవరూ అనలేదు. వాడి గడ్డం మాత్రం కాస్త వణికింది. కింద క్యాబ్‌వాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. సౌండ్ చూసే అబ్బాయి, "సార్, హారన్ వచ్చింది" అన్నాడు. ప్రమోద్, "ఉండనీ. ఊళ్ళో హారన్లుంటాయి" అన్నాడు.

ధాత్రి గుమ్మంలోనే నిలబడిపోయింది. దారి వదిలాక కూడా వెంటనే కదల్లేదు. జానకీదేవి వెళ్ళి కోడలి చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వెళ్ళు, వాడు హారన్ పగలగొట్టేస్తాడు" అంది అత్త. కోడలు నవ్వుతూ మెట్లు దిగింది.

కమలకుమారి పట్టుచీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. "పాపం జానకీదేవిగారూ, ఎంత మంచివాడో చూడండి! మనిషి మొహం చూస్తేనే తెలిసిపోతుంది."

"మొన్న నటిస్తే దొంగన్నావు, ఇవాళ నటిస్తే దేవుడంటున్నావు," అంది జానకీదేవి. అని, "నేను మాత్రం తక్కువ తిన్నానా, కానీ" అని నవ్వేసింది.

మర్నాడు పొద్దున్న ఏ బాల్కనీలోనూ జ్వరం లేదు. అమ్మమ్మగారి ఊరికి ఎవరూ వెళ్ళలేదు. పిల్లలు ఆటోని పిట్టలు చెట్టుని కమ్మినట్టు కమ్మారు. జానకీదేవి కాస్త కోపంగానే, "చూశావా, ఒక్కళ్ళయినా సారీ చెప్పారా నీకు?" అంది. జహంగీర్ సంచులు తగిలిస్తూ, "పోనీలే అమ్మా. పిల్లలొచ్చిన్రు" అన్నాడు.

ఆదివారం ప్రత్యేకంగా సాయంత్రమే ఆ భాగం వేస్తారని తెలిసింది. జహంగీర్ భార్య గౌసియా అందర్నీ బోరబండకి పిలిచింది. జానకీదేవి ఆ పేరు టీవీలో వందసార్లు విన్నది గానీ అక్కడ కాలు పెట్టడం అదే మొదలు. ధాత్రి, తారక్, అపార్ట్‌మెంటు పిల్లలు అందరూ కలిసి రెండు ఆటోల్లో వెళ్ళారు. సందులో ఇంటి ముందు చాపలు పరిచి, టీవీ తెచ్చి గుమ్మంలో బల్ల మీద పెట్టారు. ఎవరో జానకీదేవికి కుర్చీ తెచ్చారు, ఎవరో చాయ్ ఇచ్చారు, ఎవరో ఒక చంటిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టి పోయారు. అది ఆవిడ గాజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. జహంగీర్ పెద్దకూతురు డ్యూటీకి పోయేముందు కాసేపు చూసిపోదామని తెల్లచీరలో నిలబడింది.

బొమ్మ మొదలైంది. జహంగీర్ కనబడగానే సందంతా ఈలలు. ఫోన్ కోసం ఎదురుచూశాడు, గడియారం చూశాడు. ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. మెట్లెక్కాడు. తలుపు తీశారు.

కరెంటు పోయింది.

సందంతా ఒక్కసారిగా "అరెరెరె!" అంది. తిట్లు మూడు భాషల్లో లేచాయి. గౌసియా తలపట్టుకుని కూర్చుంది. అప్పుడు హైందవి చాపల మధ్యలోకి దూకింది. "ఎవరూ లేవద్దు! మాకు మొత్తం వచ్చు!"

పిల్లలు నిమిషంలో చోటు ఖాళీ చేశారు. జహంగీర్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టారు. బబ్లూ తలుపయ్యాడు. ఇన్‌స్పెక్టర్ ఎవరు? పిల్లలు చుట్టూ చూశారు.

"నాయనమ్మ!" అంది హైందవి.

వద్దు వద్దంటున్నా వినలేదు. చంటిపిల్ల ఇంకో ఒళ్ళోకి మారింది. ఎవరిదో టోపీ జానకీదేవి కొప్పు మీదికి వచ్చింది. సాయంత్రపు వెలుగు ఇంకా ఉంది. సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా జనం ఆవిడ వంకే చూస్తున్నారు. ధాత్రి ముందు వరసలో గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. నర్సు పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది.

"చెప్పు నాయనమ్మా," అని హైందవి గుసగుసలాడింది. "ఆడపిల్లని చీకటిపడ్డాక ఉద్యోగానికి ఎందుకు పంపావయ్యా, అను."

జానకీదేవి నోరు తెరిచింది. ఎదురుగా జహంగీర్ చేతులు కట్టుకుని, మొహం వేలాడేసుకుని, అప్పుడే వేషంలోకి వెళ్ళిపోయి నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆవిడ నాలుక చివరే ఉంది. ఎన్నేళ్ళ నుంచో ఉంది. ఇప్పుడు మాత్రం రాలేదు. సందంతా ఎదురుచూస్తోంది. హైందవి కొంగు లాగుతోంది.

ఆవిడ వెనక్కి తిరిగి, తను కూర్చున్న కుర్చీని రెండు చేతులా ఎత్తి తెచ్చి వాడి ముందు వేసింది.

"ముందు మీరు కూర్చోండి జహంగీర్ గారూ," అంది. "అమ్మాయి పేరు చెప్పండి. వెతుకుదాం."